అమెరికా దక్షిణాదిలో ఎండాకాలం బ్రంచ్: ఎప్పుడు వెళ్లాలి, ఏం తినాలి, తిన్నాక ఏం చేయాలి

జూన్, జులై నెలల్లో అట్లాంటా, షార్లెట్, హ్యూస్టన్ వైపు పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలను వారాంతంలో ఎక్కడికైనా తిప్పాలనుకుంటే ముందు గుర్తొచ్చేవి సవానా, చార్ల్‌స్టన్, న్యూ ఆర్లీన్స్. ఆ ఊళ్లకు వెళ్లినవాళ్లు ఆదివారం బ్రంచ్ తినకుండా తిరిగిరారు. టిఫినుకీ భోజనానికీ మధ్యలో తినేది అంటారు గానీ, రెండూ కలిపి తిన్నంత బరువుంటుంది. వెన్న, క్రీము, వేయించిన కోడి, పాకంలాంటి తీపి టీ. బయట చూస్తే ఉక్కపోత. చాలామంది పదకొండున్నరకు కడుపునిండా తిని, పన్నెండున్నరకు వాకింగ్ టూర్ మొదలుపెడతారు. రెండో వీధి తిరిగేసరికి ఇంట్లో పెద్దవాళ్లు కూర్చోవడానికి బెంచీ వెతుక్కుంటారు.

ఈ తిండి మొదట్లో ఎవరు తిన్నారో తెలిస్తే దీన్ని ఎలా తినాలో కూడా తెలుస్తుంది. 19వ శతాబ్దంలో న్యూ ఆర్లీన్స్‌లోని ఫ్రెంచ్ మార్కెట్ దగ్గర మదామ్ బెగే అనే ఆవిడ భోజనశాల నడిపింది. మార్కెట్లో మాంసం కొట్టేవాళ్లు తెల్లవారకముందే పనిలోకి దిగేవాళ్లు. పని అయ్యాక పదకొండు గంటలకు వాళ్లకు పెద్ద భోజనం వడ్డించేది. చార్ల్‌స్టన్ చుట్టుపక్కల తీరంలో రొయ్యలు పట్టేవాళ్ల పొద్దుటి తిండే రొయ్యలు, గ్రిట్స్ అనే మొక్కజొన్న రవ్వ జావ. అంటే ఒళ్లొంచి పనిచేసి వచ్చి తినే తిండి ఇది. కాబట్టి ముందు తిరగండి, తర్వాత తినండి. మిగతాదంతా ఆ వరసలో ఏర్పాటు చేసుకోవడమే.

ముందు రోజు రాత్రి: ఏ అంకె చూడాలి

ఫోన్లో 90 అని కనిపిస్తుంది. అది ఫారెన్‌హీట్, మన లెక్కలో 32 డిగ్రీలు. మే నెల విజయవాడ చూసినవాళ్లు "ఇదేం ఎండ?" అంటారు. మీరు చూడాల్సింది దాని కింద ఉండే 'ఫీల్స్ లైక్' అంకె. 90 డిగ్రీల వేడికి గాలిలో 70 శాతం తేమ తోడైతే ఒంటికి తెలిసేది సుమారు 105, అంటే 40 డిగ్రీల పైమాటే. అది కూడా నీడలో. నేరుగా ఎండలో ఉంటే ఇంకో 15 ఫారెన్‌హీట్ డిగ్రీల దాకా ఎక్కువ అనిపించవచ్చని అమెరికా జాతీయ వాతావరణ సంస్థ చెబుతుంది. గాలి తడిగా ఉంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. విశాఖ, కాకినాడ వాళ్లకు ఈ జిడ్డు ఉక్క అలవాటే. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు మాత్రం కాస్త జాగ్రత్తగా ఉండాలి.

బీపీకి మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలు (వాటర్ పిల్స్) వేసుకునేవాళ్లు ఉంటే ఇలాంటి వేడిలో ఎంత నీళ్లు తాగాలో ప్రయాణానికి ముందే డాక్టరును అడిగి ఉంచుకోండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు సంచిలో పడేయండి. ఒక చున్నీ లేదా పల్చటి శాలువా కూడా పెట్టుకోండి. అది ఎండ కోసం కాదు, రెస్టారెంట్ కోసం. అక్కడి ఎసి చలికి పెద్దవాళ్లు వణికిపోతారు.

ఏ ఊరు

అట్లాంటా నుంచి సవానా దాదాపు 250 మైళ్లు, నాలుగు గంటల డ్రైవ్. అక్కడి నుంచి చార్ల్‌స్టన్ ఇంకో రెండు గంటలు. హ్యూస్టన్ వాళ్లకు న్యూ ఆర్లీన్స్ దగ్గర, 350 మైళ్లు.

మూడు ఊళ్లలో తిండి ఒకటి కాదు. చార్ల్‌స్టన్, సవానాల తిండి బియ్యం, రొయ్యలు, మొక్కజొన్న చుట్టూ తిరుగుతుంది. న్యూ ఆర్లీన్స్‌ది ఫ్రెంచి పద్ధతి కలిసిన వంట. సాసులు చిక్కన, గుడ్లు ఎక్కువ, మద్యం ఇంకా ఎక్కువ. పెద్దవాళ్లతో, అందులోనూ ఎండలో వెళ్తుంటే నా ఓటు సవానాకే. 1733లో జార్జియా కాలనీని స్థాపించిన ఓగల్‌థోర్ప్ వేసిన ప్లాను ప్రకారం కట్టిన ఊరు అది. పాత ఊళ్లో నాలుగడుగులకో చిన్న పార్కు వస్తుంది, ఇప్పటికీ 22 ఉన్నాయి. వాటి మీద గొడుగు పట్టినట్టు ఓక్ చెట్లు, కింద బెంచీలు. నీడ నుంచి నీడకు నడిచిపోవచ్చు. మిగతా రెండు ఊళ్లలో ఈ సౌకర్యం ఇంతగా లేదు.

ఏ టైముకి

ఆదివారం చర్చి వదిలాక కుటుంబాలు కుటుంబాలుగా రెస్టారెంట్లకు వస్తారు. పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా ఎక్కడ చూసినా వెయిట్‌లిస్టే. ఆ రద్దీలో బయట ఫుట్‌పాత్ మీద నలభై నిమిషాలు నిలబడితే మీరు తినబోయే బ్రంచ్ రుచి అక్కడే సగం పోతుంది. పదిన్నరకు టేబుల్ దొరికేలా ఓపెన్‌టేబుల్ లేదా రెజీ యాప్‌లో ముందే బుక్ చేసుకోండి. బుక్ చేసేటప్పుడు లోపలి సీటే అడగండి. 'ప్యాటియో' అని ఉంటే అది ఆరుబయట. ఫ్యాన్లు తిరుగుతుంటాయి, ఫొటోలు బాగా వస్తాయి, జులైలో మాత్రం వద్దు. శనివారం కుదిరితే ఇంకా మంచిది. చాలాచోట్ల అదే మెనూ ఉంటుంది, జనం తక్కువ.

మద్యం తీసుకునేవాళ్లకు ఒక మాట. జార్జియాలో ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నర దాకా రెస్టారెంట్లు మద్యం పోయకూడదన్న నియమం ఉండేది. 2018లో వచ్చిన చట్టంతో స్థానిక ఓటర్లు ఒప్పుకున్న ఊళ్లలో అది పదకొండుకు మారింది. ఆ చట్టాన్ని జనం 'బ్రంచ్ బిల్లు' అనే పిలిచారు. నార్త్ కరోలినాలో అలాంటిదే 2017లో వచ్చింది, అక్కడ పదింటి నుంచి. 21 ఏళ్లు నిండినట్టు చూపించడానికి పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోవాలి.

పొద్దున్నే నడక

ఏడింటికి బయటపడండి. ఖాళీ కడుపుతో వద్దు. ఒక అరటిపండు, ఒక గ్లాసు నీళ్లు, అలవాటుంటే కాఫీ. షుగరు ఉన్నవాళ్లు మాత్రల టైము చూసుకుని ఇంకాస్త తినాలి. బ్రంచ్ పదిన్నరకు కదా అని పస్తుంటే నడకలో కళ్లు తిరుగుతాయి.

సవానాలో నది ఒడ్డున మొదలుపెట్టి, చెట్ల కింది పార్కులు ఒక్కొక్కటీ దాటుకుంటూ ఫోర్సిత్ పార్కు దాకా నడవండి. 1858 నాటి తెల్లటి ఫౌంటెన్ అక్కడే ఉంది. చార్ల్‌స్టన్‌లో అయితే సముద్రపు గాలి తగిలే బ్యాటరీ అనే తీరపు గట్టు వైపు ముందు వెళ్లండి. న్యూ ఆర్లీన్స్‌లో జాక్సన్ స్క్వేర్ ఎదురుగా ఉన్న కఫే డు మాండ్‌లో 1862 నుంచి బెన్యేలు అమ్ముతున్నారు. పొంగిన చదరపు పిండిముక్కల మీద గుప్పెడు పంచదార పొడి, పక్కన చికోరీ కాఫీ. ప్లేటుకు మూడు వస్తాయి. ఇద్దరికి ఒక ప్లేటు చాలు, ఇంకా అసలు భోజనం ఉంది. పొడి మీద పడుతుంది కాబట్టి నల్ల చొక్కా మాత్రం వేసుకోకండి.

తొమ్మిదిన్నరకల్లా నడక ఆపేసి హోటల్ గదికి వెళ్లి మొహం కడుక్కుని, చొక్కా మార్చుకుని బయల్దేరండి. చెమట చొక్కాతో ఎసిలో కూర్చుంటే వణుకు ఖాయం.

మెనూ ఎలా చదవాలి

సీట్లో కూర్చోగానే ఐసు ముక్కలతో మంచినీళ్లు తెచ్చిపెడతారు, డబ్బులు తీసుకోరు. మొదటి గ్లాసు అయ్యాకే మెనూ తెరవండి. దాహంతో ఉన్నప్పుడు తొందరపడి అవసరానికి మించి ఆర్డర్ చేస్తాం.

గ్రిట్స్ దగ్గర మొదలుపెడదాం. ఎండబెట్టిన మొక్కజొన్నను రవ్వగా ఆడించి, నీళ్లలోనో పాలలోనో నెమ్మదిగా ఉడికించి, వెన్న కలిపి చేస్తారు. యూరప్ వాళ్లు రాకముందు నుంచీ అక్కడి మూలవాసులు తిన్నదే. జార్జియా దీన్ని 2002లో తన అధికారిక వంటకంగా ప్రకటించుకుంది. మెనూలో 'స్టోన్ గ్రౌండ్' అని ఉందేమో చూడండి. అది తిరగలి రవ్వ, ఉడకడానికి ముప్పావుగంట పైనే పడుతుంది, మొక్కజొన్న రుచి నాలుకకు తెలుస్తుంది. ఇన్‌స్టంట్ గ్రిట్స్ తిని "ఇందులో ఏముంది?" అని పెదవి విరిచినవాళ్లు చాలామంది. తప్పు గ్రిట్స్‌ది కాదు. కారం మాత్రం అసలుండదు. మిరియాలు, హాట్ సాస్ అడగండి, ఏమీ అనుకోరు. లూసియానాలో 1868 నుంచి తయారవుతున్న టబాస్కో టేబుల్ మీదే ఉంటుంది. క్రిస్టల్ దొరికితే అది వేసుకోండి. పులుపు ఎక్కువ, మన నాలుకకు తొందరగా పడుతుంది.

రొయ్యలు, గ్రిట్స్ కలిపిన ప్లేటు నేడు అన్ని ఖరీదైన రెస్టారెంట్లలోనూ కనిపిస్తుంది. తీరంలో జాలర్ల ఇళ్లకే పరిమితమైన ఈ వంటను నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో క్రూక్స్ కార్నర్ రెస్టారెంట్ నడిపిన బిల్ నీల్ మెనూలో పెట్టాడు. 1985లో న్యూయార్క్ టైమ్స్‌లో దాని గురించి రాయడంతో దేశమంతా పాకింది. ఎండలో వెళ్లినవాళ్లకు నేను ముందు చెప్పేది ఈ ప్లేటే. వేయించిన కోడి కంటే తేలిక, రొయ్యలు తాజాగా ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. క్రీము ఎక్కువగా ఉండే రకం, టమాటా రసం ఉండే రకం అని రెండు ఉంటాయి. వేడిలో టమాటాదే మేలు. ఒక సంగతి గుర్తుంచుకోండి: బేకన్, టాసో, ఆండూయ్ అన్నవి కనిపిస్తే అవన్నీ పంది మాంసమే.

బిస్కట్ అంటే టీలో ముంచుకునేది కాదు. మెత్తటి, పొరలు పొరలుగా ఊడే వేడి వేడి రొట్టె. దక్షిణాదిలో పండే మెత్తని రకం గోధుమ పిండితో, వెన్నతో, పుల్లటి మజ్జిగతో చేస్తారు. కొన్నిచోట్ల వెన్నకు బదులు పంది కొవ్వు వేస్తారు, శాకాహారులు అడగాల్సిందే. దాని మీద పోసే తెల్లటి గ్రేవీ కూడా ఎక్కువగా పంది సాసేజ్‌తో చేసిందే. ఆ గ్రేవీ పోసిన బిస్కట్లు శీతాకాలపు తిండి. ఎండలో తింటే నాలుగింటిదాకా కదలలేరు. తేనె, పీచ్ జామ్‌తో తినండి. జార్జియా, సౌత్ కరోలినాల్లో పీచ్ పళ్ల సీజను మే నెల మధ్య నుంచి ఆగస్టు దాకా, సరిగ్గా మీరు వెళ్లే రోజులే.

చికెన్ అండ్ వాఫిల్స్ మన పిల్లలు ఎగబడి తింటారు. వేయించిన కోడి కింద తీపి వాఫిల్, పైన మేపుల్ సిరప్. పెద్దవాళ్లు "కోడిమాంసం మీద పాకమా" అని మొహం చిట్లిస్తారు. హాట్ సాస్ సిరప్‌లో కలిపి ఇవ్వండి, రెండో ముక్క అడుగుతారు. టేబుల్ మొత్తానికి ఒక్క ప్లేటు చాలు.

ఫ్రైడ్ గ్రీన్ టొమాటోలు తప్పకుండా తీసుకోండి. పచ్చి టమాటాలను చక్రాలుగా కోసి, మొక్కజొన్న పిండి అద్ది వేయిస్తారు. లోపల పులుపు, పైన కరకర. మన పచ్చడి నాలుకలకు ఈ టేబుల్ మీద మొదట నచ్చేది ఇదే. మిరియాలు, ఊరవేసిన కూరగాయలు, చల్లటి దోసకాయ సలాడ్ లాంటివి పక్కన ఉంటే వాటినీ వదలకండి.

బెండకాయ, అలసందలు, బియ్యం మెనూలో చూసి ఆశ్చర్యపోకండి. బెండకాయ, అలసందలు ఆఫ్రికా నుంచి ఇక్కడికి చేరినవి. చార్ల్‌స్టన్ తీరంలో 'కరోలినా గోల్డ్' బియ్యంతో తోటల యజమానులు కోటీశ్వరులయ్యారు. ఆ సేద్యాన్ని నిలబెట్టింది పశ్చిమాఫ్రికా వరి ప్రాంతాల నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషుల చెమట, వాళ్ల నేర్పు. వాళ్ల వారసులే ఆ తీరంలోని గల్లా గీచీ ప్రజలు. టమాటాతో వండే రెడ్ రైస్, అలసందలు బియ్యం కలిపే హాపిన్ జాన్ వాళ్ల వంటింటివే. వాళ్లు నడిపే చిన్న హోటల్ దొరికితే పెద్ద పేరున్న చోటు వదిలి అక్కడికే వెళ్లండి.

శాకాహారులు అడగాల్సిన ప్రశ్నలు

సైడ్స్‌లో కూరగాయల పేర్లు చూసి అంతా మనదే అనుకోవద్దు. కొలార్డ్ గ్రీన్స్ అనే ఆకుకూరను సంప్రదాయంగా పంది కాలి ముక్క వేసి గంటల తరబడి ఉడికిస్తారు. చిక్కుళ్లలో బేకన్, గ్రిట్స్‌లో కోడి స్టాక్, అలసందల్లో హ్యామ్ ఉండొచ్చు. 'వెజిటబుల్ ప్లేట్' అని ప్రత్యేకంగా ఉన్నా కూడా ఇదే కథ. ఇక్కడ మాకరోనీ చీజ్‌ను కూడా కూరగాయల జాబితాలోనే రాస్తారు, వాదించి లాభం లేదు.

"వెజిటేరియనా?" అని అడిగితే మాంసం ముక్కలు కనబడవు కదా అని అవునంటారు. అలా కాకుండా ముక్కకు ముక్క అడగండి: ఇందులో పోర్క్, బేకన్, హ్యామ్ వేశారా? ఉడికించిన నీళ్లు చికెన్ స్టాకా? బిస్కట్లో లార్డ్ (పంది కొవ్వు) ఉందా? వేయించిన నూనె కోడికి వాడిందేనా? సర్వర్లు విసుక్కోరు. 'హనీ' అని పిలుస్తూ లోపలికి వెళ్లి కనుక్కుని వస్తారు. చీజ్ గ్రిట్స్, గుడ్లు తినేవాళ్లకు ఆమ్లెట్, పళ్లు, పిమెంటో చీజ్ (ఎర్ర తీపి మిరప కలిపిన చీజ్) రాసిన టోస్టు మామూలుగా దొరుకుతాయి. నూనె విషయంలో పట్టింపు ఉన్నవాళ్లు పచ్చి టమాటా వేపుడు మానేయాలి.

నలుగురికి ఎంత

తలా ఒక ప్లేటు చెప్పకండి. నలుగురికి రొయ్యల గ్రిట్స్ రెండు, చికెన్ వాఫిల్ ఒకటి, పచ్చి టమాటా ఒకటి, బిస్కట్ల బుట్ట ఒకటి, పళ్లు ఒక గిన్నె. ఖాళీ ప్లేట్లు అడిగితే ఇస్తారు. డెజర్ట్ తినాలనుంటే ఒక్క పీచ్ కాబ్లర్ (పీచ్ ముక్కల మీద పిండి పొర వేసి కాల్చిన తీపి), నాలుగు చెంచాలు. న్యూ ఆర్లీన్స్‌లో అయితే 1951లో బ్రెన్నన్స్ రెస్టారెంట్లో పుట్టిన బనానాస్ ఫాస్టర్: అరటిపండ్లను వెన్న, బెల్లపు రంగు పంచదారలో మగ్గబెట్టి, రమ్ పోసి మంట అంటించి, ఐస్‌క్రీమ్ మీద వేస్తారు. రమ్ ఉందని పెద్దవాళ్లకు ముందే చెప్పండి.

ఏం తాగాలి

ఇక్కడ 'టీ' అని చెబితే వేడి టీ రాదు, ఐసు వేసిన తీపి టీ వస్తుంది. టీ వేడిగా ఉన్నప్పుడే పంచదార కరిగిస్తారు, అందుకే అంత తీపి పడుతుంది. 'హాఫ్ అండ్ హాఫ్' అంటే సగం తీపిది, సగం చప్పటిది. షుగరున్నవాళ్లు 'అన్‌స్వీట్' అని గట్టిగా చెప్పాలి. గ్లాసు సగమవ్వగానే వచ్చి నింపిపోతారు, కాబట్టి ఎంత తాగామో లెక్క తెలియదు.

'బాటమ్‌లెస్ మిమోసా' అంటే నారింజ రసం కలిపిన షాంపేన్ ఎన్నిసార్లయినా పోస్తారు. తర్వాత బయట తిరిగే పని ఉంటే వద్దు. మద్యం ఒంట్లో నీటిని లాగేస్తుంది. తాగాలనుకుంటే ఒకటి తీసుకోండి, దానికి రెండు గ్లాసుల మంచినీళ్లు జత చేయండి.

రిజర్వేషన్ దొరకకపోతే

టెన్షన్ పడకండి. రోడ్డు పక్కన పసుపు రంగు బోర్డు చూసి వాఫిల్ హౌస్‌లోకి వెళ్లండి. 1955లో అట్లాంటా పక్కన అవొండేల్ ఎస్టేట్స్‌లో మొదలైంది, 24 గంటలూ తెరిచే ఉంటుంది. తుపాను వచ్చినప్పుడు ఏ ఊళ్లో వాఫిల్ హౌస్ మూతపడిందో చూసి నష్టం ఎంతో అంచనా వేసే పద్ధతి అమెరికా విపత్తు సంస్థ అధికారుల్లోనే ఉంది. అక్కడ ఆలుగడ్డ తురుము వేపుడుకి సొంత భాష ఉంది. 'స్కాటర్డ్' అంటే పెనం మీద పరిచి కాల్చాలి. 'స్మదర్డ్' ఉల్లిపాయ, 'కవర్డ్' చీజ్, 'డైస్డ్' టమాటా, 'పెప్పర్డ్' హాలపెన్యో మిరప, 'క్యాప్డ్' పుట్టగొడుగులు. ఈ ఆరు మాటలూ వరసగా చెబితే మాంసం లేని వేపుడు వస్తుంది. 'చంక్డ్' అనకండి, అది హ్యామ్. పెనం మాత్రం బేకన్‌కి వాడిందే. పెద్ద రెస్టారెంట్ బ్రంచ్ కన్నా నాకు ఇదే ఎక్కువ ఇష్టం, కాస్త చవక కూడా.

బిల్లు, మిగిలింది, మధ్యాహ్నం

టిప్ 18 నుంచి 20 శాతం. ఆరుగురు దాటితే చాలాచోట్ల సర్వీస్ ఛార్జ్ అని ముందే కలిపేస్తారు. బిల్లు చదవకుండా మళ్లీ టిప్ వేయకండి.

మిగిలింది పార్సిల్ కట్టించుకోవడం మన ఇళ్లలో అలవాటే. ఇక్కడ దాన్ని కార్లో పెట్టి ఊరు తిరగడమే ప్రమాదం. బయట 90 డిగ్రీలుంటే మూసిన కారు లోపల గంటలో 130 దాటుతుంది. వండినది మామూలు రోజుల్లో రెండు గంటలు బయట ఉండొచ్చు గానీ, 90 దాటిన రోజు ఒక్క గంటలో ఫ్రిజ్‌లో పెట్టాలని అమెరికా వ్యవసాయ శాఖ నియమం. రొయ్యలున్నప్పుడు ఇంకా పట్టింపుగా ఉండండి. హోటల్ గది పక్కనే లేకపోతే పార్సిల్ మానేయండి. పిల్లల్నీ పెద్దవాళ్లనీ కార్లో కూర్చోబెట్టి "రెండు నిమిషాల్లో వస్తా" అనడం అసలే వద్దు.

పన్నెండున్నరకు బయటికొస్తారు. అప్పటి నుంచి నాలుగింటి దాకా గది, మ్యూజియం, లేకపోతే ఎసి బస్సులో టూర్. మధ్యాహ్నం ఉరుములతో వాన రావడం మామూలే, ఆ టైములో చెట్ల కింద ఉండకండి. ఎవరికైనా తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా, కండరాలు పట్టేసినా వెంటనే చల్లటి చోట పడుకోబెట్టి, తడిగుడ్డ వేసి, కొంచెం కొంచెంగా ఓఆర్‌ఎస్ పట్టించండి. మాట తడబడుతున్నా, ఏం జరుగుతోందో తెలియనట్టు చూస్తున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. వెంటనే 911కు ఫోన్ చేయండి, అంబులెన్స్ వచ్చేదాకా ఒళ్లు తడుపుతూనే ఉండండి. స్పృహలో లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

రాత్రికి పెద్ద భోజనం ఎవరికీ అక్కర్లేదు. తిరుగు దారిలో పెట్రోలు బంకుల దగ్గరా, రోడ్డు పక్క బండ్ల మీదా ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతారు. సౌత్ కరోలినా 2006లో వాటిని తన అధికారిక చిరుతిండిగా పెట్టుకుంది. కేజన్ అనే లూసియానా మసాలా వేసినవి అడగండి, కారంగా ఉంటాయి. ఇంటికి తీసుకెళ్లేవైతే ఐస్ డబ్బాలో పెట్టండి, తడి కాయలు వేడికి తొందరగా పాచిపోతాయి.